పొగపెట్టెకు చవక నియంత్రకం: ఒక విమర్శ

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో, ముఖ్యంగా టెక్సస్, కరొలైనా మొదలైన దక్షిణ ప్రాంతాలలో, మాంసాన్ని మంటపై కాల్చకుండా పొగతో కూడిన వేడిగాలిలో పది పన్నెండు గంటలపాటు ఉంచి ఉడికించే ఆచారం చిరకాలంగా ఉన్నది. అందుకు వాడే సాధనాన్ని వారు స్మోకర్ అంటారు. పొగపెట్టె అంటే మనకు తేలికగా అర్థమవుతుంది. బ్రిస్కెట్ అనే ఎద్దు రొమ్ముభాగపు మాంసం చాలా బిరుసైనది. అందులోని కొల్లాజెన్ అనే పీచుపదార్థం నెమ్మదిగా జెలటిన్‌గా మారితే తప్ప అది తినడానికి వీలుగా ఉండదు. ఈ మార్పుకు కాలం కావాలి, మితమైన వేడి కావాలి. అందువల్ల పెట్టెలోని గాలిని 225 నుండి 250 ఫారన్‌హీట్ డిగ్రీల మధ్య, అనగా సుమారు 107 నుండి 121 సెంటీగ్రేడ్ డిగ్రీల మధ్య నిలపాలని వంటవారి నియమం.

నియమం చెప్పడం సులభమే. తెల్లవార్లూ నిప్పు దగ్గర కూర్చుని గాలితలుపును వెంట్రుకవాసి తెరుస్తూ మూస్తూ ఉండడం ఎంతమందికి సాధ్యం? ఈ జాగరణను తప్పించడానికే ఉష్ణోగ్రతా నియంత్రకాలు ఇంటి పెరడులలోనికి వచ్చాయి. తయారుగా దొరికే మంచి నియంత్రకాలకు వందల డాలర్లు అవుతాయి. కొన్నిచోట్ల పెట్టె వెల కంటె నియంత్రకం వెలే ఎక్కువ. కాబట్టి ఇరవై ముప్పై డాలర్లలో ఆ పని జరిపించుకోవాలని అభిరుచిగల వారు తంటాలు పడుతున్నారు. ఆ ప్రయత్నం సమంజసమే. కాని ఈ వెతుకులాటలో అందరూ దేనిని మెచ్చుకొంటున్నారో, దేనిని పట్టించుకోవడం లేదో పరిశీలిస్తే, చవకకు బదులు వ్యర్థాన్ని, కొన్ని సమయాలలో అపాయాన్ని కూడా కొనితెచ్చుకొంటున్నట్లు కనిపిస్తుంది.

నిప్పును దానంతట అదే అదుపులో ఉండేటట్లు చేయాలనే కోరిక కొత్తది కాదు. పదిహేడవ శతాబ్ది ఆరంభంలో హాలెండు దేశీయుడు కార్నెలిస్ డ్రెబ్బెల్ గుడ్లను పొదిగించే పొయ్యికి ఇటువంటి ఏర్పాటు చేశాడు. వేడి ఎక్కువైతే ద్రవం వ్యాకోచించి గాలితలుపును మూస్తుంది, తగ్గితే తెరుస్తుంది. 1885లో అమెరికాలోని మినియాపొలిస్ నగరంలో ఆల్బర్ట్ బట్జ్ ఇంటి కొలిమికి ఇదే పనిచేసే యంత్రాన్ని కనిపెట్టాడు. గది చల్లబడితే కొలిమి గాలితలుపు పైకి లేచేది. నేటి హనీవెల్ సంస్థ మూలాలు అక్కడ ఉన్నాయి. ఇక బొగ్గుల పొగపెట్టెకు నేడు తగిలించే ఫ్యాను నియంత్రకం ఈ బట్జ్ తలుపుకు మునిమనుమడే. తేడా అల్లా, అది తలుపు ఎత్తేది, ఇది గాలి ఊదుతుంది.

ముందుగా విద్యుత్ పొగపెట్టెలను చూద్దాం. వీటిలో వేడి ఒక తాపన తీగ నుండి వస్తుంది. తీగకు విద్యుత్తును అందించడం, ఆపడం, ఈ రెండే పనులు. అతి చవకగా దొరికేవి ఆన్-ఆఫ్ నియంత్రకాలు. ఉష్ణోగ్రత నిర్ణీత అంకెకు దిగువకు జారగానే తీగకు విద్యుత్తును ఇస్తాయి, చేరగానే ఆపుతాయి. ఇస్త్రీపెట్టెలో జరిగేది ఇదే. ఈ తరగతిలో మిక్కిలి ప్రచారం పొందినది ఎస్.టి.సి.-1000 అనే చిన్న పరికరం. దీనిని పొగపెట్టెకు కొనవచ్చునని సలహా ఇచ్చేవారు ఒక చిన్న అంకెను చూడడం లేదు. దాని కొలత పరిధి మైనస్ 50 నుండి 99 సెంటీగ్రేడ్ డిగ్రీల వరకే. అది శీతల యంత్రాలకు, చేపల తొట్లకు ఉద్దేశించినది. 107 డిగ్రీల వద్ద పనిచేయవలసిన పెట్టెకు 99 దగ్గర చూపు మందగించే పరికరం దేనికి?

రెండవ అంకె మరింత ముఖ్యం. దానిలోని రిలే 10 ఆంపియర్ల విద్యుత్తుకు తగినది. అమెరికాలో ఇళ్ళకు వచ్చే విద్యుత్తు 120 వోల్టులు. 1500 వాట్ల తాపన తీగను దానికి తగిలిస్తే 12.5 ఆంపియర్లు ప్రవహిస్తాయి. అనగా రిలే మోయగల దాని కంటె నాలుగవ వంతు అధికం. మన దేశంలో 230 వోల్టులకు చేసిన 1500 వాట్ల తీగ ఆరున్నర ఆంపియర్లు మాత్రమే తీసుకొంటుంది కాబట్టి ఇక్కడ చెల్లే ఏర్పాటు అక్కడ చెల్లదు. పరికరం వెంట వచ్చే కాగితాన్ని చదివితే ఈ రెండు అంకెలూ కనిపిస్తాయి. చదవకుండా సలహా ఇవ్వడం ఎక్కువైపోయింది.

ఇక పి.ఐ.డి. నియంత్రకాల మాట. ఇవి మూడు భాగాలుగా ఆలోచిస్తాయి. కావలసిన ఉష్ణోగ్రతకు, ఉన్న ఉష్ణోగ్రతకు ఇప్పుడు ఎంత తేడా ఉన్నదో చూచి దానికి అనుపాతంగా వేడినివ్వడం మొదటిది. ఆ తేడా ఎంతకాలంగా మిగిలిపోతున్నదో కూడుకొంటూ సవరించడం రెండవది, అదే సమాకలనం. తేడా ఎంత వేగంగా మారుతున్నదో గమనించి ముందుగానే చేయి బిగించడం మూడవది, అదే అవకలనం. చేయితిరిగిన వంటమనిషి పాలు పొంగక ముందే మంట తగ్గించడంలో ఈ మూడవ భాగం ఉన్నది. 1922లో నికొలాస్ మైనర్‌స్కీ ఓడల చుక్కానిని నడపడాన్ని గూర్చి రాసిన వ్యాసంలో ఈ మూడింటి కలయికను గణిత రూపంలో నిరూపించాడు. 1942లో జీగ్లర్, నికొల్స్ అనే ఇంజనీర్లు ఈ మూడు భాగాల పాళ్ళను నిర్ణయించే సులభమైన పద్ధతిని ప్రకటించారు. నేడు ఇరవై ముప్పై డాలర్ల పరికరంలో కూడా ఇంత విద్య ఇమిడి ఉన్నదంటే సంతోషించవలసిందే.

కాని ఈ విద్యను పొగపెట్టెకు అమ్మేటప్పుడు చేసే ప్రకటన ఏమిటి? ఉష్ణోగ్రత ఒక డిగ్రీ అటూ ఇటూ కదలదని. అంకెల పలకపై దశాంశ స్థానం కూడా మెరుస్తూ ఉంటుంది. 107.3 అని చూస్తే కొనేవారికి నమ్మకం కుదురుతుంది, అమ్మేవారికి ఆ సంగతి తెలుసు. ఐతే ఆ అంకెను పంపే కె-రకపు ఉష్ణయుగ్మానికి సాధారణ శ్రేణిలో అనుమతించిన దోషమే 2.2 డిగ్రీలు. దానిని పెట్టెలో ఒక జానెడు జరిపితే అంతకంటె ఎక్కువ తేడా వస్తుంది. చల్లని మాంసానికి ఆనించి పెడితే మాంసం చుట్టూ ఉన్న చల్లని గాలిని కొలిచి, తీగను అనవసరంగా మండిస్తుంది. తలుపు దగ్గర పెడితే మరొక కథ. కాబట్టి ఆ దశాంశ స్థానం అంకెల పలకకు చెందినదే గాని పెట్టెలోని గాలికి చెందినది కాదు.

పోనీ, పెట్టెలో గాలి నిజంగానే ఒక్క డిగ్రీ కూడా కదలలేదనుకొందాం. దానివల్ల మాంసానికి ఒరిగేదేమిటి? ఇక్కడ చిన్న లెక్క వేయవచ్చు. ఆన్-ఆఫ్ నియంత్రకం వల్ల గాలి ఉష్ణోగ్రత పది నిమిషాలకొకసారి ఎనిమిది డిగ్రీలు పైకీ కిందికీ ఊగుతున్నదనుకొందాం. మాంసంలో వేడి పాకే వేగాన్ని బట్టి చూస్తే, పది నిమిషాల ఊగిసలాట ప్రతి అయిదు మిల్లీమీటర్ల లోతుకు సుమారు మూడవ వంతుకు పడిపోతుంది. ఒక సెంటీమీటరు లోతున ఏడవ వంతు. అంతేకాదు, గాలి నుండి మాంసానికి వేడి అందడమే మందకొడి వ్యవహారం కనుక గాలిలోని ఊగిసలాటలో పదవ వంతు మాత్రమే మాంసం పైపొరకు చేరుతుంది. వెరసి, గాలిలో ఎనిమిది డిగ్రీల ఊపు మాంసం పైన ఒక డిగ్రీ లోపు, సెంటీమీటరు లోపల ఒక డిగ్రీలో పదవ వంతు అవుతున్నది. మాంసమే ఒక గొప్ప నియంత్రకం అన్నమాట! దానికి కావలసింది గాలి యొక్క సగటు ఉష్ణోగ్రత. ఆ సగటును పాతకాలపు ఆన్-ఆఫ్ పద్ధతి కూడా చక్కగా నిలపగలదు.

సగటు సరిగా ఉన్నా మాంసం మన లెక్క ప్రకారం వేడెక్కదు. వంటవారిని చాలాకాలం కలవరపెట్టిన సంగతి ఒకటి ఉన్నది. మాంసం లోపలి ఉష్ణోగ్రత క్రమంగా పెరిగి, 65 నుండి 75 డిగ్రీల ప్రాంతంలో హఠాత్తుగా ఆగిపోతుంది. రెండు మూడు గంటలు, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువసేపు కదలదు. నియంత్రకం చెడిపోయిందని కొందరు వేడి పెంచుతారు. కొల్లాజెన్ కరగడానికి వేడి ఖర్చవుతున్నదని మరికొందరు చెప్పేవారు. పూర్వం బెల్ ప్రయోగశాలలలో పనిచేసిన గ్రెగ్ బ్లాండర్ అనే శాస్త్రజ్ఞుడు దీనిని తేలికైన ప్రయోగంతో తేల్చాడు. నీటితో తడిపిన స్పాంజిని, తేమ లేని కొవ్వుముద్దను పొగపెట్టెలో పెట్టి చూశాడు. కొవ్వు ఆగకుండా వేడెక్కింది, స్పాంజి మాత్రం మధ్యలో నిలిచిపోయింది. స్పాంజిలో కొల్లాజెన్ లేదు గదా. కారణం నీరు ఆవిరికావడమే. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి 540 కాలరీలకు పైగా వేడి కావాలి. గాలి ఎంత వేడి ఇస్తున్నదో అంతా ఆవిరి పట్టుకుపోతూ ఉంటే మాంసం వేడెక్కేదెలా? వేసవిలో మట్టికుండలో నీరు చల్లబడే సూత్రం ఇదే.

నియంత్రకాలపై ముఖ్యమైన విమర్శ ఇక్కడే పుడుతున్నది. అవి కొలిచేది పొడిబల్బు ఉష్ణోగ్రతను. కొన్ని గంటలపాటు మాంసాన్ని ఏలేది తడిబల్బు ఉష్ణోగ్రత. అంటే గాలిలో ఎంత తేమ ఉన్నది, ఎంత వేగంగా వీస్తున్నది అనే విషయాలు. పెట్టెలో నీళ్ళగిన్నె ఉన్నదా లేదా, పై రంధ్రం ఎంత తెరిచి ఉన్నది, మాంసాన్ని మధ్యలో కాగితంలో చుట్టారా లేదా అన్నవి వంట పూర్తయ్యే వేళను గంటల కొలది మారుస్తాయి. నియంత్రకంలో మూడు డిగ్రీల తేడాకు అంత శక్తి లేదు. ఆంధ్ర ప్రాంతంలో పొగాకు పండించే వారికి ఈ విషయం కొత్తగా తోచదు. ప్రకాశం, పశ్చిమ గోదావరి ప్రాంతాల బ్యారన్‌లలో ఆకును సుమారు 35 డిగ్రీల వద్ద మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పెంచుతూ, ఈనె ఎండేనాటికి 70 డిగ్రీల వరకు తీసుకుపోతారు. అక్కడ వేడితోపాటు తేమను కూడా కనిపెట్టి ఉండాలి, లేకపోతే ఆకు పసుపు తిరగక ముందే ఎండి పచ్చగా మిగిలిపోతుంది. అందుకే పొగాకు క్యూరింగు గ్రంథాలలో పొడి, తడి బల్బులు రెంటినీ చెబుతారు. బ్యారన్ గోడకు రెండు బల్బుల ఉష్ణమాపకం ఎంత అవసరమో పొగపెట్టెకు కూడా అంతే అవసరం. ఐనా ఇన్ని అంకెలు చూపే పరికరాలలో ఆ రెండవ బల్బును గూర్చి తలచినవి మిక్కిలి అరుదు.

చక్కని నియంత్రకం వల్ల ఒక నష్టం కూడా ఉన్నది. ప్రకటనలలో ఇది కనిపించదు. చిన్న విద్యుత్ పెట్టెలలో కొయ్య పేళ్ళ తట్ట తాపన తీగపైనే ఉంటుంది. తీగ ఎర్రగా కాలినప్పుడు పేళ్ళు కనలి పొగ వస్తుంది. ఆన్-ఆఫ్ పద్ధతిలో తీగ నాలుగైదు నిమిషాలు ఏకధాటిగా కాలుతుంది కాబట్టి పేళ్ళు రాజుకొంటాయి. పి.ఐ.డి. పద్ధతిలో పెట్టె ఒకసారి వేడెక్కిన తరువాత తీగకు క్షణం క్షణం కొద్దిపాటి విద్యుత్తు మాత్రం అందుతుంది. తీగ గోరువెచ్చగా ఉంటుంది. ఉష్ణోగ్రత గీత గీసినట్లు ఉంటుంది గాని పొగ ఉండదు. పొగ కోసం పెట్టిన పెట్టె వట్టి పొయ్యిగా మారుతుంది. దీనికి విరుగుడుగా పొగను వేరొక చిన్న డబ్బాలో పుట్టించి పెట్టెలోకి పంపడం మంచిది. ఆ ఖర్చును నియంత్రకం వెలలో కలిపి లెక్కించేవారు తక్కువ.

బొగ్గుల పెట్టె విషయంలో మాత్రం నియంత్రకం నిజంగా మేలు చేస్తుంది. బొగ్గుకు తనంతట తాను ఆగే గుణం లేదు. గాలి దిశ మారితే, వాన పడితే, బూడిద పేరుకొంటే మంట మారిపోతుంది. చిన్న ఫ్యాను కావలసినంత గాలి ఊదుతూ ఉంటే మనిషి నిద్రపోవచ్చు. 2010 తరువాతి సంవత్సరాలలో వచ్చిన హీటర్‌మీటర్ అనే నమూనా ఈ తరగతిలో మెచ్చదగినది. దాని విద్యుత్ పటాన్ని, ప్రోగ్రామును అందరికీ ఉచితంగా ప్రకటించారు. టంకం వేయడం తెలిసినవారు చిన్న కంప్యూటర్ చిప్పుతో, ఒక ఫ్యానుతో స్వయంగా నిర్మించుకోవచ్చు. ఫ్యానుతోపాటు గాలితలుపును తిప్పే చిన్న మోటారును కూడా దానికి తగిలించవచ్చు.

ఈ గాలితలుపు అలంకారం కాదు. ఫ్యాను మంటను పెంచగలదు గాని తగ్గించలేదు. అది ఆగినా బొగ్గులకు చీలికల గుండా గాలి అందుతూనే ఉంటుంది. కాబట్టి మంట ఒకసారి హద్దు దాటితే గంటసేపు ఎదురుచూడడం తప్ప నియంత్రకం చేయగలిగింది లేదు. పి.ఐ.డి.లోని సమాకలన భాగం ఇక్కడ ద్రోహం చేస్తుంది. పెట్టె చల్లగా ఉన్నప్పుడు ఆరంభిస్తే, లేదా మాంసం చూడడానికి మూత తీస్తే, అది తేడాను కూడుకొంటూ పోయి ఫ్యానును పూర్తి బలంతో తిప్పుతుంది. మూత పెట్టేసరికి నిప్పు పది నిమిషాలు ఊదిన కొలిమి వలె మండుతూ ఉంటుంది. మంచి పరికరాలు మూత తీసిన సంగతి గ్రహించి ఫ్యానును ఆపుతాయి. ఇంటిలో తయారుచేసుకొనే చవక పరికరాలలో చాలామంది మొదట మరచిపోయేది దీనినే. పెట్టె సందులను మూయకుండా ఖరీదైన నియంత్రకం తగిలించడమైతే చిల్లికుండలో నీళ్ళు పోయడమే.

ఒక డిగ్రీ తేడా పట్టించుకోవలసిన వంటలు లేకపోలేదు. పొగపెట్టిన సాసేజిలలో గాలిని మెట్లుమెట్లుగా పెంచాలి. 80 డిగ్రీలు దాటితే కొవ్వు కరిగి కారిపోతుంది. చేపల విషయం ఇంకా గట్టిది. వేడి పొగలో ఉడికించే చేప లోపలి భాగం 63 డిగ్రీలకు చేరి అరగంటసేపు అక్కడే ఉండాలని అమెరికాలో చెబుతారు. కోడిమాంసానికి 74 డిగ్రీలు. 4 నుండి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు వేగంగా వృద్ధి చెందుతాయి. బొట్యులిజమ్ కలిగించే క్రిమి బీజాలు 63 డిగ్రీలకు చావవు, కాబట్టి ఉప్పు, శీతలీకరణ కూడా కావాలి. గమనించవలసినదేమంటే ఈ అంకెలలో అధికభాగం మాంసం లోపలి ఉష్ణోగ్రతలు. గాలిని కొలిచే నియంత్రకం ఎంత మంచిదైనా వీటిని చూడలేదు. మాంసంలో గుచ్చే రెండవ ఉష్ణమాపకం లేని నియంత్రకాన్ని ఇటువంటి వంటలకు సిఫారసు చేయడం తప్పు.

విద్యుత్ పెట్టెకు పి.ఐ.డి.నే ఎంచుకొన్నవారు రిలే ఆయుర్దాయాన్ని కూడా లెక్క చూసుకోవాలి. సాధారణ రిలే పూర్తి భారంతో సుమారు లక్షసార్లు తెరుచుకొని మూసుకొంటుందని అంచనా. నియంత్రకం రెండు సెకండ్లకొకసారి దానిని ఆడిస్తే పది గంటల వంటకు 18,000 సార్లు అవుతుంది. ఆరు వంటలు కాకముందే దాని పని ముగుస్తుంది. ఇరవై సెకండ్లకు మార్చితే యాభైకి పైగా వంటలకు వస్తుంది, మాంసానికి ఏ తేడా తెలియదు. సాలిడ్ స్టేట్ రిలేలో కదిలే భాగాలు లేవు గనుక ఈ చిక్కు లేదు. కాని దాని గుండా 12.5 ఆంపియర్లు పోతుంటే 15 వాట్ల వరకు వేడి దానిలోనే పుడుతుంది. అల్యూమినియం రెక్కల దిమ్మకు బిగించకపోతే మాడిపోతుంది. మాడినప్పుడు అది సాధారణంగా తెరుచుకోదు, మూసుకొని ఉండిపోతుంది. అప్పుడు అంకెల పలక 'ఆఫ్' అని చూపుతూనే ఉంటుంది, తీగ కాలుతూనే ఉంటుంది, కింద కొవ్వు కారిన తట్ట ఉంటుంది. ఇంటివారు నిద్రలో ఉంటారు. అందుకని నియంత్రకంతో సంబంధం లేకుండా, హద్దు దాటగానే కరిగి విద్యుత్తును తెంచే థర్మల్ ఫ్యూజును తాపన తీగకు వరుసలో కలపాలి. చవక నియంత్రకాల గూర్చి వచ్చే సలహాలలో పి.ఐ.డి. పాళ్ళను గూర్చి పుటలకు పుటలు దొరుకుతాయి. రెండు మూడు డాలర్లకు వచ్చే ఈ ఫ్యూజును గూర్చి ఒక వాక్యం దొరకడం కష్టం.